పాడైన చప్పుడు, పాడే చప్పుడు

మొన్న కరీంనగర్‌లో మా కాలనీ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏదో అయింది. కరెంటు పోలేదు, తగ్గింది. ఫ్యాను రెక్కలు విడివిడిగా కనబడేంత నెమ్మదిగా తిరిగాయి. ఫ్రిజ్ ఒకసారి మూలిగి ఊరుకుంది. నేను బైబిలు చదువుకునే మూలన పాతకాలపు బల్బు ఒకటి ఇంకా మార్చకుండా ఉంచుకున్నాను. అది పండిన తునికి పండులా ఎర్రటి పసుపు రంగుకు దిగిపోయింది. పైఅంతస్తు వాళ్ళు కరెంటాఫీసుకు ఫోన్లు చేస్తున్నారు. మా కోడలు టీవీ ప్లగ్గు పీకుతూ, "లో వోల్టేజీ అచ్చిందత్తమ్మా, ఏం ముట్టకుండ్రి, కాలిపోతయి" అంది. నేను ఏమీ ముట్టలేదు. ఆ బల్బు వంక చూస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే నా చెంపలు తడిగా ఉన్నాయి. "ఏమైంది?" అని కోడలు కంగారుపడింది. వోల్టేజీ తగ్గితే ఏడ్చే మనిషిని ఆమె ఎక్కడా చూసి ఉండదు. మా నాన్న, బాపు, బతికి ఉంటే ఆయనొక్కడికే వివరించనక్కర్లేకుండా ఉండేది.

మా బాపు పేరు దేవదానం. చెన్నూరులో అందరికీ మైక్ దానం. బజారులో మాది ముందు దుకాణం, వెనక ఇల్లు. దుకాణంలో రేడియోలు బాగుచేసేవాడు, పెళ్ళిళ్ళకూ పండుగలకూ సభలకూ మైక్‌సెట్ కట్టేవాడు. ఆదివారం మా మెథడిస్టు గుడిలో మైకు కూడా ఆయనదే. అది దేవుని పని కాబట్టి ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. తెల్లవారి లేవగానే మొహం కడుక్కుని, పాత గడ్డం బ్రష్షుతో మిషిన్ల మీది దుమ్ము దులిపేవాడు. యాంప్లిఫయర్ అనే మాట మా ఇంట్లో లేదు, మిషిన్ అనేవాళ్ళం. దాని నెత్తిమీద గాజు బుడ్లలాంటి వాల్వులు ఉండేవి. స్విచ్ వేయగానే పలికేది కాదు. వాల్వుల కడుపులో చిన్న నిప్పుకణిక రాజుకోవాలి, ఆ తరవాతే గొంతు వచ్చేది. అంతదాకా బాపు చేతులు కట్టుకుని నిలబడేవాడు. వేడెక్కిన వాల్వుల మీద మిగిలిన దుమ్ము కాలి, శనగలు వేయించిన వాసన వచ్చేది. దానికి టంకం వేసేటప్పుడు లేచే గుగ్గిలం పొగ, వెనక వంటింట్లో అవ్వ, అంటే మా అమ్మ, కాల్చే జొన్నరొట్టె వాసన కలిసేవి. ఈ మూడూ కలిస్తే అది మా ఇల్లు.

బాపుకు ఒక పట్టింపు ఉండేది. మైకు సాఫ్‌గా పలకాలి. గరగర రాకూడదు, కూత పెట్టకూడదు. "మైకోడు ఉన్నట్టు ఎవలికీ తెల్వద్దు బిడ్డా. మాట ఇనబడాలె, మిషిన్ ఇనబడద్దు" అనేవాడు. సభలో ఎక్కడో మైకు హారన్ కాస్త చీరుకున్నట్టు పలికితే, అన్నం ముందు కూర్చున్నవాడు కూడా లేచి పరుగెత్తేవాడు. పక్క ఊళ్ళో ఎవరిదో సెట్టు గరగరమంటుంటే దారిన పోతూ పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టేవాడు. ఆయన జీవితమంతా ఆ గరగరను తీసేయడంలోనే గడిచింది.

నాకు గిటార్ ఎట్లా వచ్చిందంటే, మిషన్ దవాఖానలో పనిచేసిన ఒక మలయాళీ నర్సమ్మ వల్ల. ఆమె ఆదివారం గుడిలో వాయించేది. నా వేళ్ళు పొడుగ్గా ఉన్నాయని కూర్చోబెట్టి నేర్పింది. బదిలీ అయి వెళ్ళేటప్పుడు గిటార్ నాకే ఇచ్చి వెళ్ళింది. ఊళ్ళో ఆడపిల్ల గిటార్ పట్టుకోవడం వింతే అయినా, గుడిలో పాటల కోసం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. బాపు సంతోషించాడు. టెలిఫోను చెవిబుర్రలోని అయస్కాంతం తీసి, దానికి వెంట్రుక కంటే సన్నని తీగ చుట్టి, గిటార్ తీగల కింద అమర్చాడు. అప్పటినుంచి నా గిటార్ మిషిన్‌లోంచి పలికింది, మంచినీళ్ళలాగా, ఆయనకు నచ్చినట్టుగా.

అట్లా ఉండగా ఒక ఎండాకాలం శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసే ఒక బెంగాలీ ఇంజినీరు తన రికార్డు ప్లేయరును బాగుచేయమని తెచ్చిచ్చి పోయాడు. అది తిరగడం లేదు. బాపు బెల్టు మార్చి, తిరిగేట్టు చేసి, దాని మీదే ఉండిపోయిన ఇంగ్లీషు రికార్డు పెట్టి చూశాడు. పాట మొదలైంది. బాపు ఉలిక్కిపడి ముల్లు ఎత్తేశాడు. "ఖరాబున్నది" అన్నాడు. ముల్లు తుడిచి మళ్ళీ పెట్టాడు. అదే గరగర. స్పీకరు కాగితం చినిగిందేమోనని విప్పి చూశాడు. చినగలేదు. వాల్వు మార్చాడు. టంకాలన్నీ మళ్ళీ వేశాడు. మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది. అవ్వ రెండుసార్లు పిలిచి, మూడోసారి వచ్చి నిలబడి, "మనిషికి జరమొస్తె కూడ గింత ఫికర్ చెయ్యవు" అని పోయింది. ఆయన ఆ రికార్డును మళ్ళీ మళ్ళీ పెడుతూనే ఉన్నాడు, నేను గుమ్మంలో కూర్చుని వింటూనే ఉన్నాను.

నేను విన్నది ఎట్లా చెప్పను? అది గిటారే. నా దగ్గరున్నలాంటి ఆరు తీగల గిటారే. కానీ కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముకు గొంతు వస్తే అట్లా ఉంటుందేమో. ఒక్కో స్వరం పుట్టి ఊరుకోకుండా, సాగి, ఉబ్బి, చివర్న మనిషి గొంతులా వణికేది. సాయంత్రానికి నాకు ఆ పాట మొత్తం వచ్చేసింది. బాపు మాత్రం ఓడిపోయి కూర్చున్నాడు. మర్నాడు ఇంజినీరు వచ్చాడు. బాపు తలవంచుకుని, "సాబ్, తిరుగుతుంది గని, గిటార్ చప్పుడు మాత్రం సాఫ్ గాలే" అన్నాడు. ఆయన విని, పెద్దగా నవ్వి, బాపు భుజం పట్టుకుని, "దానం భాయ్, వో ఐసా హీ హై. ఖరాబ్ నహీ, కావాలని చేసిందే" అన్నాడు. ఇంజినీరు వెళ్ళాక బాపు పనిముట్లన్నీ ఒక్కొక్కటే డబ్బాలో సర్దాడు. చివరికి, "పైసలు పెట్టి గరగర కొనుక్కుంటరా మనుషులు?" అన్నాడు.

"బాపూ, నాకు గది కావాలె" అన్నాను నేను.

"ఏది?"

"గా గరగర."

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వైద్యుని కూతురు తనకు జ్వరం తెప్పించమని అడిగినట్టు చూశాడు.

వారం రోజులు తన పనేదో తను చేసుకున్నాడు. తరవాత ఒకరోజు దుకాణం వెనక గదిలోంచి పాత మిషిన్ ఒకటి బయటికి లాగాడు. అది ఒకప్పుడు టూరింగ్ టాకీసుది. గుడారం ఎత్తేసి పోయినప్పుడు బాపు కొని పెట్టుకున్నాడు. తెర వెనక ఉండే పెద్ద పెట్టె స్పీకరు కూడా దానితోనే వచ్చింది. "కొత్త మిషిన్ ఖరాబ్ చెయ్య. దీన్ని పట్టుకొని ఏం చేసుకుంటవో చేసుకో" అన్నాడు. అన్నాడే కాని నన్నొక్కదాన్నే వదిలేయలేదు. వాల్వులు మార్చి చూశాడు, తీగలు మార్చి చూశాడు. చప్పుడు పెంచే మీట పూర్తిగా తిప్పి వాయించమనేవాడు. గరగర వచ్చింది. నేను సంబరపడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ రికార్డును దినమంతా విన్న చెవి ఆయనది, అది ఊరుకోదు.

"రేకుమీద కంకర పోసినట్టున్నది. ఇది పాడైన చప్పుడు బిడ్డా. గా రికార్డులది పాడే చప్పుడు" అన్నాడు.

ఆ మాటతో మా ఇద్దరికీ పని దొరికింది. పాడైన చప్పుడుకూ పాడే చప్పుడుకూ నడుమ ఉన్న దూరం దాటాలి. ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ అదే పని. బడి అయ్యాక నేను, గిరాకీ లేనప్పుడు ఆయన. స్పీకరును గోడకు తిప్పి పెట్టి చూశాం. పెట్టెలో గోనెసంచి కుక్కి చూశాం. హైదరాబాదుకు సరుకు కోసం పోయినప్పుడల్లా పాత ఇనుప బజారులో వాల్వులు వెతికి, జొన్నపిండిలో పెట్టుకుని తెచ్చేవాడు, బస్సు కుదుపులకు పగలకుండా. ఆ పిండితో అవ్వ రొట్టెలు చేయనని మొండికేసేది. "గాజుముక్కలుంటె పేగులు తెగుతయి" అని. బాపు జల్లెడ పట్టి ఇచ్చేవాడు. మా ప్రయత్నాలు మాత్రం కంకర దగ్గరే ఆగాయి.

అది ఎట్లా దొరికిందో చెబితే నవ్వొస్తుంది. చెన్నూరు అప్పట్లో కరెంటు లైనుకు దాదాపు చివరి ఊరు. పొద్దు గూకే వేళకు పొలాల్లో మోటార్లు, పిండి ఆడే గిర్నీలు, ఇళ్ళలో దీపాలు అన్నీ ఒక్కసారే నడిచేవి. బల్బులు ఎర్రబడేవి. రేడియో గొంతు సన్నబడేది. ఆ వేళలో బాపు మిషిన్లు ముట్టనిచ్చేవాడు కాదు, వాల్వులు చెడతాయని. ఊరివాళ్ళంతా కరెంటు పెంచే బూస్టర్ కట్టిపెట్టమని ఆయన చుట్టూ తిరిగేవాళ్ళు. ఆరోజు నేను వాయిస్తుండగానే కరెంటు దిగింది. "ఆపు బిడ్డా, లో అయ్యింది" అన్నాడు బాపు, స్విచ్ దగ్గరికి వస్తూ. అప్పటికే నేను తీగ మీటాను.

ఆ తీగ పలికింది, ఆగలేదు. మొదట ఒదిగి, లోపలికి ఊపిరి పీల్చుకున్నట్టు తగ్గి, తరవాత మెల్లగా లేచి నిలబడింది. వేలు వణికిస్తే అదీ వణికింది. వేలు నిలిపితే అదీ నిలిచింది. గరగర అందులోనే ఉంది, కాని బెల్లం పాకంలో చక్కెర పలుకులు కరిగిపోయినట్టు కరిగిపోయి ఉంది. బాపు చెయ్యి స్విచ్ దగ్గరే ఆగిపోయింది. వంటింట్లోంచి అవ్వ పిండి చేతులతో వచ్చి, దుకాణమంతా కలియజూసి, "ఎవలే పాడుతుండ్రు?" అంది.

బాపు బల్బు వంక చూశాడు, మిషిన్ వంక చూశాడు. చిన్నపిల్లాడిలా నవ్వడం మొదలుపెట్టాడు. "ఊరంత కరెంట్ పెంచుమని నా పానం తింటది. నా బిడ్డకేమో తగ్గాలె!" అన్నాడు.

తరవాత ఆయన బూస్టర్‌ను తిరగేసి కట్టి పగటిపూట కూడా కరెంటు తగ్గించి చూశాడు. దగ్గరికి వచ్చింది కాని అదే రాలేదు. "గట్టిగున్నది, వంగుతలేదు" అనేవాడు. ఊరంతా గుంజుకుంటున్న తీగలో ఏదో మెత్తదనం ఉండేది. నేను తీగ మీటినప్పుడు అది కాస్త కుంగి మళ్ళీ లేచేది. అందుకే మాకు సాయంత్రాలే గతి. ఊళ్ళో అందరూ విసుక్కునే ఆ గడియ కోసం మేమిద్దరం పొద్దుటినుంచి ఎదురుచూసేవాళ్ళం. బల్బు రంగు చూసి, "ఇంక జర దిగాలె" అనేవాడు బాపు. తునికి పండు రంగు రాగానే తల ఊపేవాడు.

ఇట్లా మా ఇంట్లోనే ఉండిపోతే బాగుండేదేమో. కోతల పండుగ నాటి సాయంత్ర ఆరాధనలో, కానుకలు పట్టే వేళ ఒక కీర్తన రాగం గిటార్ మీద వాయించమన్నారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, కొత్త బియ్యం వేదిక ముందు పోస్తున్నారు. బాపు టూరింగ్ టాకీసు మిషినే తెచ్చి పెట్టాడు, కొత్తది పక్క ఊరి పెళ్ళికి వెళ్ళడంతో. నేను మీట సగానికే పెట్టి మెత్తగా మొదలుపెట్టాను. నడిమధ్యలో కరెంటు దిగింది. గుడిలో దీపాలు ఎర్రబడ్డాయి, నా గిటార్ నోరు విప్పింది. తెలిసిన కీర్తనే, కాని అట్లా ఎవరూ వినలేదు. ముందువరసలో ముసలి రూతమ్మ కళ్ళు మూసుకుని ఊగుతోంది. వెనకనుంచి యాకోబు లేచాడు. ఆయన సంఘ పెద్ద, మా దుకాణానికి ఎదురుగా ఉన్న పిండిగిర్ని, దాని పక్కన దుంగలు కోసే కట్టెమిషిన్ ఆయనవే. "ఆపు! గుడిల సైతాన్ మొత్తుకున్నట్టున్నది" అని అరిచాడు.

నేను బాపు వంక చూశాను. ఆయన చెయ్యి మీట మీదే ఉంది. కాస్త తిప్పితే చాలు, అంతా సాఫ్ అయిపోయేది. జీవితమంతా ఆ తిప్పడమే చేశాడు. ఆరోజు తిప్పలేదు. నాకు తల ఊపాడు. నేను కీర్తన చివరిదాకా వాయించాను.

ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు మంచివాడు, గొడవ ఇష్టంలేదు ఆయనకు. "దానం, మిషిన్ ఖరాబైందని ఒక్క మాట చెప్పు, అయిపాయె" అన్నాడు. అది బయటపడడానికి తలుపు తెరిచి ఇవ్వడమే. బాపు ఆ తలుపు వంక కూడా చూడలేదు.

"నా మిషిన్ ఖరాబ్ కాలే అయ్యగారూ. నా బిడ్డ గట్లనే వాయించింది. నేను గట్లనే చేసిచ్చిన."

"మరి గది మంచి చప్పుడా?" అన్నాడు యాకోబు.

"మంచిదే" అన్నాడు బాపు.

మరుసటి ఆదివారం గుడికి వేరే ఊరి మైక్‌సెట్ వచ్చింది. బాపు తెల్ల అంగీ వేసుకుని ఎప్పటిలాగే వచ్చి, వెనక బల్ల మీద, చేతుల్లో ఏ పనీ లేకుండా కూర్చున్నాడు. ఆ సెట్టు గరగరమంటూంటే ఆయన వేళ్ళు మోకాళ్ళ మీద కదిలేవి. నాకది చూడడం కష్టమయ్యేది. అవ్వను అడిగాను, బాపు నామీద కోపంగా ఉన్నాడా అని. "పిచ్చిదానా, గాయన ఇన్నేండ్లు మంది మాటలు వినిపిచ్చిండు. తన మాట ఇప్పుడు చెప్పిండు" అంది అవ్వ. కొన్నేళ్ళకు పాస్టరు మారాడు, మైకు మళ్ళీ బాపుకే వచ్చింది. యాకోబు, బాపు మాత్రం మాట్లాడుకోలేదు. బజారుకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు, రోజూ ఎదురెదురుగా తలుపులు తీసేవాళ్ళు, మూసేవాళ్ళు.

నేను టీచరు ట్రైనింగుకు కరీంనగర్ వచ్చాను. అక్కడే ఉద్యోగం, పెళ్ళి. నా భర్త నెమ్మదస్తుడు, నేను గిటార్ వాయిస్తానంటే అడ్డు చెప్పలేదు. కాని మావి గోడకు గోడ ఆనుకున్న అద్దె గదులు. పైగా కరీంనగర్‌లో కరెంటు మరీ అంతగా దిగేది కాదు. అందుకే నా గిటార్‌ను చెన్నూరులోనే ఉంచాను. సెలవులకు వెళ్ళినప్పుడు, సాయంత్రం ఆ కాసేపు. బస్సు గోదావరి దిక్కు మళ్ళగానే నా వేళ్ళ చివరలు దురద పెట్టేవి. బాపు అప్పటికే మిషిన్ దులిపి పెట్టి ఉండేవాడు.

బాబును చంకనేసుకుని వెళ్ళిన ఏడు, దుకాణం ముందే ఎదురొచ్చాడు. మొహంలో ఏదో తేడా. "సబ్‌స్టేషన్ అయ్యింది బిడ్డా" అన్నాడు. సాయంత్రం దాకా ఆ మాట అర్థం నాకు తెలియలేదు. పొద్దు గూకింది. బల్బు తెల్లగా, పగలులా వెలుగుతోంది. గిటార్ తీశాను. మంచినీళ్ళు. మీట పూర్తిగా తిప్పాను. కంకర. చీకటి పడేదాకా కూర్చున్నాం. బల్బు రంగు మారలేదు. బయట బజారులో జనం సంబరంగా ఉన్నారు. పొలాల్లో మోటార్లు కాలడం లేదట, దవాఖానలో సూదిమందుల పెట్టె చల్లగా ఉంటోందట, పిల్లలు దీపం కింద చదువుకుంటున్నారట. అంతా నిజమే. ఏమని దుఃఖపడాలి?

"ఊరికి మంచిదయ్యింది" అన్నాడు బాపు. మిషిన్ మీద గుడ్డ కప్పుతూ మళ్ళీ అదే అన్నాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

ఇప్పుడు నా మనుమడి దగ్గర అరచేతంత పెట్టె ఉంది. ప్రపంచంలోని పాత మిషిన్ల గొంతులన్నీ అందులో ఉన్నాయట. "నానమ్మా, నీది ఏదో చెప్పు" అని ఒక్కొక్కటే నొక్కి వినిపించాడు. అన్నీ బాగున్నాయి. కొన్ని ఆ బెంగాలీ ఇంజినీరు రికార్డులోవే అన్నట్టున్నాయి. వాల్వు వేడెక్కేదాకా ఆగనక్కర్లేదు, దుమ్ము కాలే వాసన రాదు, ఎవరూ లేచి ఆపమని అరవరు, చెవుల్లో పెట్టుకుంటే పక్కవాడికి కూడా వినబడదు. వాడిని చూస్తే ముచ్చటేసింది. వాడికి ఏ సాయంత్రం కోసమూ ఎదురుచూడాల్సిన పని లేదు. అది మంచిదో కాదో నాకు తెలియదు. నాది ఏదో మాత్రం చెప్పలేకపోయాను. నాది ఒక మిషిన్ గొంతు కాదు. ఒక వీధిలో, ఒక తీగ మీద, ఆ వేళకు ఎవరెవరు ఏం పని చేసుకుంటున్నారో ఆ మొత్తం గొంతు అది. అది నాకు అర్థమైంది బాబును తీసుకెళ్ళిన ఆ ఏడే, తిరుగు ప్రయాణానికి ముందురోజున.

ఆరోజు పొద్దున్నే బాపు చొక్కా వేసుకుని, "రా బిడ్డా" అని బజారు దాటాడు. నేను బాబును ఎత్తుకుని వెంట నడిచాను. ఆయన నేరుగా యాకోబు గిర్ని ముందు ఆగాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఎన్నో ఏళ్ళుగా ఆ గడప తొక్కని మనిషి. యాకోబు పిండి కొట్టుకున్న కనుబొమలతో బయటికి వచ్చాడు.

"యాకోబన్నా," అన్నాడు బాపు, "సబ్‌స్టేషన్ కొత్తదే గని, మన గల్లీ తీగ పాతదే. పొద్దుగూకంగ నీ గిర్ని, కట్టెమిషిన్, బావి మోటర్ అన్ని ఒక్కపారి నడిస్తె మా దుకాణంల కరెంట్ దిగుతది. రేపు నా బిడ్డ పోతది. ఒక్కపారి దింపు."

యాకోబుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అంటె, ఇన్నేండ్లు గా చప్పుడుల నా గిర్ని పాలు కూడ ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది" అన్నాడు బాపు.

"నన్ను సైతాన్ పనిల పాలివాణ్ణి చేసినవ్ గదనే దానం!" అన్నాడు యాకోబు. కోపమో నవ్వో తెలియలేదు. నా చంకలోని బాబును చూశాడు. "ఉత్తగ తిప్పితె కరెంట్ దిగదు. గింజలుండాలె" అని లోపలికి పోయాడు. బాపు ఇంటికొచ్చి, ఆ రోజంతా మిషిన్‌ను తుడుస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం గిర్ని నడవలేదు. జొన్నలు, పసుపు కొమ్ములు, శనగలు తెచ్చిన ఆడవాళ్ళను యాకోబు గంపలు అక్కడే పెట్టి పొద్దుగూకంగ రమ్మంటున్నాడట. "ఏమొచ్చింది నీకు?" అని వాళ్ళు తిట్టిపోతున్నారట. పొద్దు గూకింది. వరుసగా గంపలతో ఆడవాళ్ళు చేరారు. యాకోబు కొడుకు గిర్ని మొదలుపెట్టాడు. కట్టెమిషిన్‌లో టేకు దుంగ కేకపెట్టింది. బావి మోటారు అందుకుంది. వీధి మొత్తం వణికింది. బల్బు తెల్లదనం మెల్లగా విరిగి, పచ్చబడి, ఎర్రబడింది. బాపు దాని వంకే చూస్తున్నాడు. తల ఊపాడు.

నేను తీగ మీటాను. వచ్చింది. అదే. ఒదిగి, ఊపిరి పీల్చుకుని, లేచి నిలబడింది. ఆనాడు గుడిలో వాయించిన కీర్తనే వాయించాను, ఇంకేది వాయించాలో తోచక. అవ్వ బాబును ఎత్తుకుని గుమ్మానికి ఆనుకుంది. గింజలు పోసి వచ్చిన ఆడవాళ్ళు పిండితో తెల్లబడ్డ చేతులతో మెట్ల దగ్గర నిలబడ్డారు. వాళ్ళ వెనక యాకోబు, గడప తొక్కకుండా, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. బాపు గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆయన కన్నీళ్ళు పెట్టుకోవడం నేను చూడడం అదొక్కసారే.

కాసేపటికి ఎదుట గిర్ని రాయి గొంతు మారింది. గింజలు అయిపోవస్తున్నాయి. బల్బు తేటబడసాగింది, నా చేతికింద గొంతు సన్నబడసాగింది. నేను వాయించడం ఆపలేదు కాని, పోతోందని తెలుస్తోంది. అప్పుడు యాకోబు వెనక్కి తిరిగి, ఆడవాళ్ళతో గట్టిగా అన్నాడు:

"ఇంకెవలింట్లనన్న గింజలున్నయా?"

అవ్వ బాబును బాపు చేతుల్లో పెట్టింది. లోపలికి పోయి, వానాకాలానికని దాచిన మా జొన్నల బస్తాను తానే నేలమీద లాక్కుంటూ బయటికి తెచ్చింది. ఇద్దరు ముగ్గురు చెయ్యి వేశారు. బజారు దాటించి గిర్నిలో పోశారు. బల్బు మళ్ళీ ఎర్రబడింది.

మర్నాడు కరీంనగర్ బస్సులో నా కాళ్ళ దగ్గర రెండు సంచుల నిండా జొన్నపిండి. ఆ చప్పుడు నేను తరవాత మళ్ళీ వినలేదు. ఆ పిండి మాత్రం చాలా రోజులు వచ్చింది. పురుగు పట్టకుండా ఎండకు పోస్తూ, జల్లిస్తూ, అయిపోయేదాకా రొట్టెలు చేసుకుని తిన్నాం.